మెలోడీ స్టేజీ మీదికి ప్రాసెసర్: వైర్లు, సౌండు, వాల్యూమ్

పర్లాకిమిడి, పాతపట్నం, కాశీనగర్ వైపు మెలోడీ పార్టీల్లో గిటార్ వాయించే కుర్రాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "అన్నా, ఆంపూ పెడల్సూ అమ్మేసి ప్రాసెసర్ కొనేయమంటావా?" ఆంప్ అంటే గిటార్ సౌండు పెంచే స్పీకరు పెట్టె, పెడల్స్ అంటే కాలితో నొక్కే ఎఫెక్టు డబ్బాలు. వీటన్నిటి పనీ ఒక్కటే చేసే డిజిటల్ డబ్బా ప్రాసెసర్. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ గిటార్ జనానికి ఎందులోంచి వినబడుతోంది? మీ వెనక పెట్టుకున్న ఆంప్‌లోంచా, స్టేజీకి రెండు పక్కలా నిలబెట్టిన బాక్సుల్లోంచా? మన ప్రోగ్రాముల్లో దాదాపు ప్రతిచోటా బాక్సుల్లోంచే. ఆంప్ సౌండు మహా అయితే మీకూ, పక్కన ఆక్టోప్యాడ్ వాయించే అతనికీ వినబడుతుంది. సౌండ్ ఆపరేటర్ దాని ముందు మిగిలిపోయిన మైకు ఒకటి పెడతాడు. ఆ మైకులోకి మీ గిటార్ కన్నా పక్కనున్న ఢోలకే ఎక్కువ పోతుంది. మైకు పెట్టిన మంచి ఆంప్ మిక్సర్ దగ్గరికి వచ్చేసరికి ఎలా వినబడుతుందో, ఆ సౌండునే ప్రాసెసర్ నేరుగా వైరులో పంపిస్తుంది. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే మిగతా సెట్టింగులన్నీ దాని వెంటే వస్తాయి. ఆంప్ ముందు నిలబడితే ఛాతీకి తగిలే ఆ ఊపు మాత్రం ఇందులో వెతక్కండి. దొరకదు.

బరువు సంగతి అందరికీ తెలిసిందే. రోలాండ్ జేసీ-120 ఒక్కటే 28 కిలోలు. మోహనా ఘాటీ రోడ్డులో ఛోటా హాథీ వెనకాల డ్రమ్ స్టాండ్ల మధ్య అలాంటిదాన్ని పట్టుకుని కూర్చుంటే, ఊరు చేరేసరికి వాయించే చేతులే ఉండవు. ప్రాసెసర్ గిటార్ బ్యాగు జేబులో పడుతుంది. గుణుపురం రైల్లో ఒళ్లో పెట్టుకుని వెళ్లొచ్చు.

ఇదేమీ నిన్నమొన్నటి సరుకు కాదు. రోలాండ్ వీజీ-8 వచ్చింది 1995లో, లైన్ 6 వాళ్ల ఎర్ర డబ్బా పాడ్ 1998లో. 2011లో కెంపర్ వచ్చి, మీ సొంత ఆంప్‌కే నకలు తీసిపెట్టే పద్ధతి తెచ్చింది. 2015లో లైన్ 6 వాళ్లదే హెలిక్స్. ఇప్పుడు న్యూరల్ ఆంప్ మోడెలర్ అని కంప్యూటర్లో ఉచితంగానే దొరుకుతోంది. ఏ కంపెనీది కొనాలో నేను చెప్పను, జేబును బట్టి పోండి. కొనేముందు నాలుగు చూడండి. హెడ్‌ఫోన్ జాక్ ఉండాలి. బయటి క్యాబ్ (ఆంప్ స్పీకరు పెట్టె) ఫైళ్లు, అంటే ఐఆర్‌లు, ఎక్కించుకునే వీలుండాలి. బూటు కాలితో పక్క బటన్ తగలకుండా నొక్కగలిగేంత దూరంలో స్విచ్‌లు ఉండాలి. పగలు టెంటు కింద ఎండ పడ్డా స్క్రీన్ కనబడాలి. మూడు వందల ఎఫెక్టులు ఉన్నాయా, నాలుగు వందలా అన్న లెక్క అనవసరం. మీరు వాడేవి పది దాటవు.

ముందు కరెంటు సంగతి చూసుకోండి. పెడల్‌కి కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే ఎవరికీ తెలియదు. ప్రాసెసర్ అలా కాదు, చిన్న కంప్యూటర్‌లాగే మళ్లీ మొదటినుంచి ఆన్ అవుతుంది, ఆలోగా పల్లవి అయిపోతుంది. జనరేటర్ మీద నడిచే జాతర స్టేజీల్లో, లైట్లవాడు హాలోజన్లు ఒక్కసారిగా వేసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. డెస్క్‌టాప్‌కి వాడే చిన్న యూపీఎస్ ఒకటి తెచ్చి దాంట్లోంచి అడాప్టర్ పెట్టుకోండి. లేదంటే బాస్ జీటీ-1, జూమ్ జీ1 ఫోర్ లాంటివి నాలుగు పెన్సిల్ సెల్స్ మీద కూడా నడుస్తాయి. కరెంటుకు నమ్మకం లేని ఊళ్లకు అవి హాయి. అడాప్టర్ దగ్గర ఇంకో మాట. 9 వోల్టులు అని రాసుంటే చాలదు, ఎన్ని ఆంపియర్లో చూడండి. లైన్ 6 వాళ్ల హెచ్‌ఎక్స్ స్టాంప్ ప్రాసెసర్‌కి 3 ఆంపియర్లు కావాలి. పెడల్స్‌కి వాడే గొలుసు వైరు అడాప్టర్ దానికి ఎక్కడ చాలుతుంది! పిన్ను లోపల మైనస్సా ప్లస్సా అన్నది కూడా డబ్బా మీది బొమ్మతో సరిపోల్చి గానీ పెట్టకండి.

ఇక సౌండు. డబ్బాలో వచ్చే రెడీమేడ్ ప్యాచ్‌లు, అంటే దాచిపెట్టిన సౌండు సెట్టింగులు, షాపులో కొనేవాణ్ని ముగ్ధుణ్ని చేయడానికి తయారుచేస్తారు. ప్రతిదాంట్లోనూ రివర్బ్ (పెద్ద హాల్లో మోగినట్టుండే ఎఫెక్టు) వరదలా ఉంటుంది. ఖాళీ ప్యాచ్ తీసుకుని మొదలుపెట్టండి. ముందు ఒక ఆంప్, దాని వెనక ఒక క్యాబ్, అంతే. ఈ క్యాబ్ బ్లాకే అన్నిటికన్నా ముఖ్యం, మనవాళ్లు పట్టించుకోనిదీ ఇదే. గిటార్ ఆంప్‌లో ఉండే 12 అంగుళాల స్పీకరు 5 వేల హెర్ట్జ్ దాటాక సౌండుని బాగా తగ్గించేస్తుంది. స్టేజీ బాక్సులో పై సౌండు పలికే హార్న్ ఉంటుంది కాబట్టి అది దేన్నీ తగ్గించదు. క్యాబ్ లేకుండా డిస్టార్షన్‌ని (గరగరలాడే గిటార్ సౌండుని) నేరుగా బాక్సులోకి పంపితే, డబ్బాలో కందిరీగల్ని పెట్టి ఊపినట్టు ఉంటుంది. ప్రాసెసర్ సౌండంటే ఇంతే అని పెదవి విరిచే పెద్దవాళ్లలో చాలామంది విన్నది ఈ సౌండునే. ఐఆర్ అంటే ఏమీ లేదు, ఒక క్యాబినెట్‌లోకి ఒక్క టక్కుమనే సిగ్నల్ పంపితే, మైకులోంచి అది ఎలా తిరిగి వచ్చిందో పట్టిన చిన్న రికార్డింగ్. ఏ ఆంప్ ఎంచుకున్నారన్నదానికన్నా ఏ క్యాబ్, ఏ మైకు, మైకు స్పీకరు కోన్ మధ్యలో ఉందా అంచు దగ్గరుందా అన్నదే సౌండుని ఎక్కువ మారుస్తుంది. క్యాబ్ బ్లాకులో ఎస్‌ఎం57 అనే మైకుతో మొదలుపెట్టి, గీరగా ఉంటే మైకుని అంచువైపు జరపండి. ట్రెబుల్ నాబ్ ముట్టుకోకముందే సగం పని అయిపోతుంది.

ఆ తర్వాత రెండు కత్తిరింపులు. కింద 80 నుంచి 100 హెర్ట్జ్ దగ్గర లో కట్ (అంతకు కిందిది తీసేస్తుంది), పైన 5 నుంచి 6 వేల హెర్ట్జ్ మధ్య హై కట్ (అంతకు పైది తీసేస్తుంది). హెడ్‌ఫోన్లో వింటే ఇది సన్నగా, పేదగా అనిపిస్తుంది. అనిపించనివ్వండి. కింద బేస్ గిటార్, కిక్ ఉన్నాయి, పైన సింబల్స్, పాటగాడి మైకు ఉన్నాయి. మధ్యలో ఉన్న చోటే గిటార్‌ది.

గెయిన్, అంటే డిస్టార్షన్ ఎంత ఉండాలో చెప్పే నాబ్, దాని విషయంలో నా మాట వినండి, మీకు నచ్చినదానికన్నా కొంచెం తగ్గించి పెట్టండి. ఇంట్లో ఒక్కరే వాయిస్తున్నప్పుడు గెయిన్ ఎక్కువుంటే నిండుగా ఉంటుంది, స్టేజీ మీద ఆ నిండుదనమే బురద అవుతుంది. డిలే (వాయించింది కాసేపటికి మళ్లీ వినిపించే ఎఫెక్టు) టైముకి లెక్క ఉంది. 60,000ని పాట టెంపోతో భాగిస్తే ఒక బీట్‌కి ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 120 అయితే 500. అందులో ముప్పావు వంతు, అంటే 375 పెడితే, ఎనభైల నాటి మెలోడీలకు ఆ గిటార్ నడక వచ్చేస్తుంది. రివర్బ్ చాలా తక్కువ చాలు, కల్యాణ మండపం రేకుల కప్పు మిగతాది తనే ఇస్తుంది.

ఇదంతా ఏ వాల్యూమ్‌లో చేస్తున్నారన్నది అసలు మెలిక. తక్కువ సౌండులో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగ్గా అందవు. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ సంగతి గీతలు గీసి చూపించారు. అందుకని రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్లో చేసిన ప్యాచ్‌లో మీకు తెలియకుండానే రెండు చివరలూ పెంచేస్తారు. స్టేజీ మీద పెద్ద సౌండులో అవి రెండూ పైకి లేచి, మధ్యలో ఉన్న మీ స్వరం మునిగిపోతుంది. రిహార్సల్ గదిలో ఉన్న బాక్సులోకి పెట్టి, డ్రమ్ముల పక్కన, అసలు వాల్యూమ్‌లో వాయిస్తూ మార్చుకోండి. ఇంట్లో సరిచేసుకోవాల్సి వస్తే, తయారైన పాట ఒకటి పక్కన ప్లే చేస్తూ దాంతోపాటే వాయించండి. ఒంటరిగా గిటార్ బాగుండటం, పాటలో బాగుండటం వేరువేరు.

మెలోడీకి నాకు నాలుగు సౌండ్లు సరిపోతాయి. కోరస్ వేసిన క్లీన్, కొద్దిగా గరుకుగా ఉండే రిథమ్, గట్టి డిస్టార్షన్, దానిమీదే డిలే వేసిన లీడ్. తెలుగు, ఒడియా, సంబల్‌పురి, హిందీ అన్నీ వీటిలోనే నడిచిపోతాయి. నాలుగింటినీ నాలుగు ప్యాచ్‌లుగా కాకుండా, ఒకే ప్యాచ్‌లో సీన్లుగానో స్నాప్‌షాట్లుగానో, అంటే అదే ప్యాచ్‌కి వేర్వేరు సెట్టింగులుగా, పెట్టుకోండి. ప్యాచ్ మారేటప్పుడు చాలా డబ్బాల్లో సౌండు చిన్నగా తెగుతుంది, డిలే తోక ఠక్కున ఆగిపోతుంది. సీన్ మారితే ఆ బాధ ఉండదు. నాలుగింటి మట్టం కూడా సమం చేయాలి. మీటర్‌ని నమ్మకండి. క్లీన్ సౌండులో మొనలు పైకి లేస్తాయి, డిస్టార్షన్ ఒకే ఎత్తున దట్టంగా ఉంటుంది. మీటర్లో రెండూ ఒకే చోట ఆగినా చెవికి డిస్టార్షనే పెద్దగా వినబడుతుంది. చెవితో సరిచేసి, లీడ్‌ని మాత్రం 3 డెసిబెల్స్ పైన పెట్టండి.

ఇప్పుడు వైర్లు, అంటే ఆపరేటర్‌తో కాపురం. చిన్న ప్రాసెసర్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు వైరుకుండే మూడు పిన్నుల సాకెట్) ఉండదు, మామూలు జాక్‌లు రెండే ఉంటాయి. మిక్సర్‌కి ఒక్క లైనే ఇస్తుంటే, ఎల్-మోనో అని రాసున్న దాంట్లోనే పెట్టండి, ఆర్ జాక్‌లో ఏదీ ఉంచకండి. రెండో జాక్‌లో వైరు ఉందంటే డబ్బా స్టీరియో అనుకుని సౌండుని రెండుగా చీలుస్తుంది. ఆపరేటర్ ఎడమ ఒక్కటే తీసుకుంటే అటూ ఇటూ ఎగిరే మీ డిలేలో సగం ఎటో పోతుంది. మిక్సర్ జనం వెనకాల ఉంటుంది కదా, అంత దూరం మామూలు గిటార్ వైరు లాగితే దారి పొడవునా లైట్ల హమ్ (గుయ్‌మనే రొద) అంతా తాగుతుంది. గిటార్ జాక్ సౌండుని దూరం పోయే మైకు వైరుకి సరిపడేలా మార్చే డీఐ బాక్స్ పెట్టండి. ఆపరేటర్ దగ్గర ఉంటుందిలే అనుకోకుండా సొంతంగా ఒకటి కొనుక్కోండి. నేను పాసివ్‌ది వాడతాను, దానికి కరెంటుతో పని లేదు. యాక్టివ్‌దైతే ఫాంటమ్ పవరో (మిక్సర్ నుంచి మైకు వైరులో వచ్చే కరెంటు) బ్యాటరీయో కావాలి. హమ్ ఇంకా ఉంటే డీఐ మీద ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ (వైరు గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కి చూడండి. అడాప్టర్‌దో యూపీఎస్‌దో ఎర్త్ పిన్ను మాత్రం విరవకండి, పీకకండి. మన టెంట్ల కింద తడి నేల మీద అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న పెద్ద డబ్బా అయితే మిక్సర్‌లో ఆ ఛానల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ ఆపించండి, సెట్టింగుల్లో అవుట్‌పుట్‌ని మైక్ లెవెల్‌కి మార్చండి.

సౌండ్ చెక్‌లో ఆపరేటర్ దూరంనుంచి "భాయీ, గిటార్ ఆసునాహిఁ" (గిటార్ రావట్లేదు) అని ఒడియాలో అరిస్తే కంగారుపడి నాబులన్నీ తిప్పకండి. ముందు ట్యూనర్ మ్యూట్‌లో ఉందేమో చూడండి. తర్వాత ఎక్స్‌ప్రెషన్ పెడల్ (కాలితో ముందుకూ వెనక్కూ వంచేది) వాల్యూమ్‌గా పెట్టి మడమవైపు నొక్కి ఉందేమో చూడండి. సాధారణంగా ఈ రెంటిలో ఒకటే. సౌండు వచ్చాక మీ గట్టి సౌండూ, మీ మెల్లటి సౌండూ రెండూ వినిపించి, అతను మిక్సర్‌లో గెయిన్ పెట్టుకున్న తర్వాత మాస్టర్ వాల్యూమ్ ముట్టుకోనని మాటివ్వండి. మాట నిలబెట్టుకుంటే వచ్చే ప్రోగ్రాముకి మానిటర్ (వాయించేవాళ్లు తమను తాము వినడానికి స్టేజీ మీద పెట్టే స్పీకరు) మీకే ముందు ఇస్తాడు.

మానిటర్ అనేసరికి ఇంకో చిక్కు. వెనక ఆంప్ లేదు, ముందున్న మానిటర్‌లో పాటగాడి గొంతే ఉంటుంది, మీకు మీరు వినబడరు. ఉన్న ఆంప్‌ని అమ్మకుండా ఉంచుకున్నవాళ్లకు దారి సులువు. దాని వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ జాక్ (ఆంప్ టోన్ నాబులు దాటి నేరుగా పవర్ భాగంలోకి వెళ్లేది) ఉంటే, ప్రాసెసర్ రెండో అవుట్‌పుట్‌ని అందులో పెట్టండి, ఆ అవుట్‌పుట్‌కి మాత్రం క్యాబ్ ఆపేయండి. ముందున్న ఇన్‌పుట్‌లో పెడితే ఆంప్ మీద ఆంప్, క్యాబ్ మీద క్యాబ్ పడి గొంతు నొక్కేసినట్టు వస్తుంది. ఇలా రెండు దారులు విడగొట్టలేని డబ్బా అయితే, చిన్న పవర్డ్ స్పీకరో కీబోర్డ్ ఆంపో మేలు. ఆర్. ఉదయగిరి వైపు చర్చిల్లో వాయించే తమ్ముళ్లు చాలామంది కీబోర్డ్ ఛానల్ పక్కనే గిటార్ పెట్టుకుని ఇలాగే నడిపిస్తున్నారు, చక్కగా ఉంటుంది.

కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందంటే ప్రోగ్రాము ఉన్న వారంలో ఎక్కించకండి. ఎక్కించేముందు ప్యాచ్‌లన్నీ కంప్యూటర్లోకి దించుకుని, ఒక కాపీ పెన్ డ్రైవ్‌లో కూడా పెట్టండి.

పెడల్స్‌లో ఏది ఉంచాలంటే, ఫజ్ (బాగా గరగరలాడే పాతకాలం డిస్టార్షన్) ఉంటే ఉంచండి. పాత రకం ఫజ్‌లు గిటార్ పికప్‌తో నేరుగా కలిస్తేనే పలుకుతాయి, ప్రాసెసర్లలోని ఫజ్ నాకింతవరకు నచ్చలేదు. గిటార్ తర్వాత మొదట దాన్నే పెట్టి, అక్కణ్నుంచి ప్రాసెసర్‌లోకి వెళ్లండి. బాస్ వాళ్ల పసుపుపచ్చ ఎస్‌డీ-1 లాంటి ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్) పెడల్ ఒకటి చదరపు బ్యాటరీతో సహా బ్యాగులో ఉండనివ్వండి. డబ్బా మొండికేస్తే అదీ, డీఐ బాక్సూ కలిపి పాట గడిపేయొచ్చు. ట్రెబుల్‌ని ఆపరేటర్ తగ్గిస్తాడు. డిలేలు, కోరస్‌లు, పాత మల్టీ ఎఫెక్టు పెడల్స్ అమ్మేయండి. అమ్మేటప్పుడు మాత్రం వర్షాకాలం చివర్లో, వినాయక చవితికి ముందు అమ్మండి. పూజల సీజన్‌కి కొత్త పార్టీలు కట్టుకునే కుర్రాళ్లు అప్పుడే బరంపురం దాకా వెతుకుతుంటారు, బేరం ఆడకుండా తీసుకుంటారు.