వైకల్య పింఛను ఫైలుకు కాపలా

ఫిరంగుల పక్కన 17 ఏళ్లు నిలబడి, కుడి చెవి వినికిడి పోగొట్టుకుని ఇంటికి వచ్చాను. వైకల్య పింఛను అడిగితే ఒకే వాక్యంలో తేల్చేశారు: సేవ వల్ల కలిగినదీ కాదు, సేవ వల్ల ముదిరినదీ కాదు. ఇంగ్లీషులో ఆ నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి ఫౌజులో ‘నానా’ అంటారు. పేరుకు తగ్గట్టే నానా అవస్థలూ పెడుతుంది.

ఇప్పుడు నరసన్నపేట చుట్టుపక్కల ఎవరికి అలాంటి ఉత్తరం వచ్చినా నా దగ్గరకు తెస్తారు. చాలామంది చేతిలో డిశ్చార్జి పుస్తకం, పి.పి.ఓ. (పింఛను చెల్లింపు ఉత్తర్వు) తప్ప మరేమీ ఉండవు. అసలు గుట్టంతా వైకల్యాన్ని తేల్చే సైనిక డాక్టర్ల బృందం, అంటే మెడికల్ బోర్డు, కాగితాల్లో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద మీ రికార్డ్స్ ఆఫీసుకు రాసి వాటి నకళ్లు తెప్పించుకోండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. సైన్యంలో చేరినప్పటి వైద్య పరీక్ష నకలు కూడా అదే అర్జీలో అడగండి.

ఆ నకలు ఎందుకంటే, చేరేనాటికి జబ్బు ఉన్నట్టు రాసి లేకపోతే అది సేవలోనే వచ్చిందని భావించాలని, కాదంటే కారణం బోర్డే చూపాలని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెల్లవారుజామున ఊరి రోడ్ల మీద పరుగులు తీసి, వైద్య పరీక్ష నెగ్గి వెళ్లినవాళ్లమే కదా! కారణం రాయాల్సిన గడిలో ‘నానా’ తప్ప మరో ముక్క లేకపోతే మీ అప్పీలుకు అదే మొదటి పేరా.

తర్వాత బోర్డు రాసిన వైకల్య శాతం చూడండి. 20 ఉంటే 50గా లెక్కకట్టాలి. సర్వీసు పూర్తిచేసి వచ్చినవారికీ ఇది వర్తిస్తుందని 2014లో రామ్ అవతార్ కేసులో తీర్పు వచ్చింది. నూరు శాతానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. జీతం 40,000 అయితే 20 శాతం లెక్కన 2,400, 50 లెక్కన 6,000. 2023 సెప్టెంబరులో నిబంధనలు మారాయి. ఆ తర్వాత బయటకు వచ్చినవారు ముందుగా వాటిని చదువుకోవాలి.

కాదన్న ఉత్తరం వచ్చాక అప్పీలు ఆరు నెలల్లోగా పంపాలి. నేను మామూలు టపాలో వేశాను. అందలేదన్నారు. పంపినట్టు రుజువేదీ? ఆలస్యం మన్నించమని మళ్లీ అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు కొన్నాను ఒక నోటుపుస్తకం. ఏ కాగితం ఎప్పుడు పంపాను, రసీదు నంబరు, ఎవరు ఏ తేదీన ఏమన్నారు, అన్నీ అందులోనే. శ్రీకాకుళంలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, అర్జీ రాయడంలో సాయం అడగండి. నిర్ణయం మాత్రం వారి చేతిలో ఉండదు. బకాయిల్లో వాటా అడిగే మధ్యవర్తికి మాత్రం గుమ్మం చూపించండి.

అప్పీలు పెట్టాక ఆరు నెలలు గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. మన రాష్ట్రం చెన్నై బెంచి పరిధిలోకి వస్తుంది. ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆలస్యంగా వెళితే పాత బకాయిలు కొంత పోవచ్చు.

నోటుపుస్తకం ఎక్కడుందో ఇంట్లో చెప్పి ఉంచండి. మా ఇంట్లో ఫోను పక్కనే ఉంటుంది. వకీలు ఫోను చేస్తే మాట్లాడేదీ, తేదీ వేసి రాసేదీ మా ఆవిడే. నాకు సరిగా వినపడదు కదా.