అమెరికా యూనివర్సిటీల సేఫ్టీ రిపోర్టు ఎట్లా చూడాలి: ఎంఎస్‌కి పోయే పిల్లలు, వాళ్ల అమ్మానాన్నల కోసం

హనుమకొండలో ఏ కన్సల్టెన్సీకి పోయినా ర్యాంకింగ్ చెప్తారు, ఫీజు చెప్తారు, ఐ-20 (వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఎప్పుడొస్తుందో చెప్తారు, "మరి క్యాంపస్ సేఫేనా?" అని తల్లి అడిగితే మాత్రం "ఏం టెన్షన్ లేదమ్మా" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. ఆ మాట నమ్మి ఊరుకోకండి. అక్కడ యూనివర్సిటీలు తమ దగ్గర జరిగిన నేరాల లెక్క బయటపెట్టి తీరాలని చట్టం ఉంది, ఆ లెక్క ఇక్కడ ఇంట్లో కూర్చుని ఫోన్‌లోనే చూడొచ్చు.

1986లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని హాస్టల్ గదిలోనే అత్యాచారం చేసి చంపేశారు, చేసింది అదే యూనివర్సిటీ విద్యార్థి. క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల సంగతి తమకెవరూ చెప్పలేదని ఆమె తల్లిదండ్రులు కొట్లాడితే 1990లో ఈ చట్టం వచ్చింది. అందుకే దీన్ని క్లెరీ యాక్ట్ అంటారు. విద్యార్థుల కోసం ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయం తీసుకునే కాలేజీలన్నిటికీ, అంటే మనోళ్లు చేరే వాటిలో దాదాపు అన్నిటికీ, ఇది వర్తిస్తుంది.

గూగుల్‌లో యూనివర్సిటీ పేరు, పక్కన "యాన్యువల్ సెక్యూరిటీ రిపోర్ట్" అని ఇంగ్లీషులో కొట్టండి. ఏటా అక్టోబర్ 1లోపు కొత్తది పెట్టాలి, అందులో అంతకుముందు మూడు క్యాలెండర్ సంవత్సరాల లెక్కలుంటాయి. దొరక్కపోతే క్యాంపస్ పోలీసులకు మెయిల్ పెట్టండి. చేరాలనుకునే విద్యార్థి అడిగితే కాపీ ఇవ్వాల్సిందే, అది మీ హక్కు, మొహమాటపడకండి. రెండు మూడు యూనివర్సిటీలను పోల్చాలంటే అమెరికా విద్యాశాఖ నడిపే క్యాంపస్ సేఫ్టీ వెబ్‌సైట్ ఉంది.

టేబుల్‌లో ఆన్ క్యాంపస్, స్టూడెంట్ హౌసింగ్, నాన్ క్యాంపస్ (క్యాంపస్‌కు దూరంగా ఉన్నా యూనివర్సిటీదో, అది గుర్తించిన విద్యార్థి సంఘాలదో అయిన ఆస్తి), పబ్లిక్ ప్రాపర్టీ అని గడులుంటాయి. హౌసింగ్ లెక్క ఆన్ క్యాంపస్‌లో కలిసే ఉంటుంది, మళ్లీ కూడితే తప్పు. పబ్లిక్ ప్రాపర్టీ అంటే క్యాంపస్ లోపలి, ఆనుకుని ఉన్న రోడ్లు, ఫుట్‌పాత్‌ల లాంటివే, అంతకంటే దూరం పోదు. మన పిల్లలకు అసలు చిక్కంతా ఇక్కడే. మనోళ్లు ఎక్కువగా బయట అపార్ట్‌మెంట్ తీసుకుని నలుగురైదుగురు కలిసి ఉంటారు, పార్ట్‌టైమ్ ముగించుకుని రాత్రిపూట అక్కడికే నడిచొస్తారు. అది యూనివర్సిటీ ఆస్తి కాక, క్యాంపస్‌ను ఆనుకుని కూడా లేకపోతే ఆ ఇంట్లోగానీ ఆ వీధిలోగానీ జరిగింది ఈ రిపోర్టులో ఎక్కడా ఉండదు. క్యాంపస్ లెక్క ఎంత బాగున్నా సరే, అడ్వాన్స్ కట్టేముందు ఆ సిటీ పోలీసుల వెబ్‌సైట్‌లో క్రైమ్ మ్యాప్ ఉందేమో వెతికి అపార్ట్‌మెంట్ అడ్రస్ కొట్టి చూడండి. రాత్రి క్యాంపస్ షటిల్ బస్సు ఆ వీధిదాకా వస్తుందా, ఎన్నింటిదాకా నడుస్తుందని సీనియర్లను అడగండి.

ఇంకో సంగతి, మామూలు దొంగతనాలు ఆ వార్షిక లెక్కలో రావు. బెదిరించి లాక్కుంటే రాబరీ, దొంగతనానికి గదిలో అక్రమంగా దూరితే బర్గ్లరీ, ఇవి వస్తాయి. లైబ్రరీలో టేబుల్ మీద పెట్టిన ల్యాప్‌టాప్ పోతే రాదు. అది తెలియాలంటే క్యాంపస్ పోలీసుల డైలీ క్రైమ్ లాగ్ (రోజువారీ నేరాల నమోదు) చూడాలి. గత 60 రోజుల లాగ్ ఎవరడిగినా చూపించాలి, చాలా చోట్ల ఆన్‌లైన్‌లోనే పెడతారు. ఏ రోజు, ఏ టైముకి, ఎక్కడ జరిగిందో ఉంటుంది కాబట్టి నాకైతే వార్షిక రిపోర్టు కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందనిపిస్తుంది.

సున్నాలు చూసి సంబరపడొద్దు. లైంగిక దాడుల గడిలో మూడేళ్లూ సున్నా ఉంటే అక్కడ ఏమీ జరగలేదని కాకుండా ఫిర్యాదు చేయడానికి ఆడపిల్లలు భయపడుతున్నారని కూడా అర్థం కావచ్చు. లెక్కలు తప్పుగా చూపించేవాళ్లూ ఉన్నారు. నేరాల లెక్క తక్కువ చేసి చూపడంతో సహా ఈ చట్టాన్ని ఉల్లంఘించినందుకు 2024లో లిబర్టీ యూనివర్సిటీకి కోటీ 40 లక్షల డాలర్ల జరిమానా పడింది.

చేరాక అక్కడి సిమ్ తీసుకున్న రోజే ఆ నంబర్‌ను యూనివర్సిటీ ఎమర్జెన్సీ అలర్ట్స్‌లో పెట్టండి. అడ్మిషన్ ఫారంలో ఇచ్చిన ఇండియా నంబరే ఉండిపోతే క్యాంపస్‌లో కాల్పులు జరిగినా మీకు మెసేజ్ రాకపోవచ్చు.

మరి మన దగ్గర? ఇట్లాంటి చట్టం లేదు, కానీ సమాచార హక్కు ఉంది. వరంగల్ ఎన్ఐటీ కేంద్రం కింద ఉంది కాబట్టి కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో 10 రూపాయలు కట్టి అడగొచ్చు, కాకతీయ యూనివర్సిటీ అయితే అక్కడి పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టాలి. పేర్లు అడగకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. గత మూడేళ్లలో ర్యాగింగ్ ఫిర్యాదులు ఎన్ని, లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీకి వచ్చినవి ఎన్ని, ఎన్నిటిని పరిష్కరించారు అని ఏడాదివారీగా సంఖ్యలు అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోపు అదే సంస్థలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయండి, దరఖాస్తు నంబరూ కట్టిన రసీదూ జతచేయండి.