పాత లారీ కొనేముందు: లక్షణం, కారణం, పరిష్కారం

ఐదారు లక్షల కిలోమీటర్లు తిరిగిన పది టైర్ల లారీని మొదటి బండిగా కొనేవాళ్లు చాలామంది ఇంజన్ శబ్దం విని బేరం మొదలుపెడతారు. ఇంజన్ పోతే డబ్బు పెట్టి బోర్ (లోపల అరిగిన భాగాలు మార్చి సరిచేయడం) చేయించుకోవచ్చు. చీలిన ఛాసిస్‌ని (బండి కింది ఉక్కు చట్రం), చిక్కుల్లో ఉన్న కాగితాలని డబ్బు పెట్టినా సరిచేయడం కష్టం. కాబట్టి ముందు బండి కిందకి దూరండి.

బండంతా పాతది, ఛాసిస్‌కి ఒకచోట మాత్రం కొత్త నల్లరంగు

ఆ రంగు కింద వెల్డింగ్ ఉందని అనుమానించండి. ఇసుక, గ్రానైట్ ఓవర్‌లోడ్ మోసిన బండ్లకి వెనక కమాన్ కట్టల (స్ప్రింగు పట్టీలు) బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్ (అడ్డ కమ్మీ) ఛాసిస్‌ని కలిసేచోట చీలికలు వస్తాయి. భీమవరం వైపు చేపలు, రొయ్యలు తోలిన బండి అయితే ఐసు కరిగిన ఉప్పునీళ్లు కారి ఛాసిస్ లోపలి వైపు పొరలుగా తుప్పు లేస్తుంది. వైర్ బ్రష్, టార్చి పట్టుకెళ్లి గీకి చూడండి. చిన్న సుత్తితో కొడితే ఖంగుమనాలి, మొద్దు శబ్దం రాకూడదు. ఛాసిస్ అంచుకి అడ్డంగా వెల్డింగ్ కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా వదిలేయండి. ఛాసిస్ నంబరు అంకెలు వంకరగా ఉన్నా, వాటి చుట్టూ గ్రైండింగ్ గుర్తులున్నా అంతే.

స్టీరింగ్ తిన్నగా పట్టినా బండి ఏటవాలుగా పోతోంది

టైర్లు తడిపి తిన్నగా ముప్పై మీటర్లు నడిపించి, వెనక నిలబడి జాడలు చూడండి. ముందు టైరు జాడతో పోలిస్తే వెనక జాడ ఒకవైపుకి తప్పుకుంటే యాక్సిల్ (ఇరుసు) జరిగినట్టు. సాధారణంగా కమాన్ కట్ట సెంటర్ బోల్ట్ తెగడమో, యూ బోల్ట్‌లు వదులవడమో కారణం. ముందు హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి వెనక హబ్ మధ్యకి రెండు వైపులా టేపుతో కొలిస్తే తేడా దొరుకుతుంది. బోల్ట్ మార్చి, యూ బోల్ట్‌లు బిగించి, అలైన్‌మెంట్ చేయిస్తే సరిపోతుంది. బోల్ట్‌లన్నీ బాగుండి కూడా కొలత తేడాగా ఉంటే బండి యాక్సిడెంట్ అయి ఛాసిస్ వంగిందేమో చూడాలి.

ముందు చక్రం ఊగుతోంది

ముందు యాక్సిల్ జాకీ ఎత్తి, టైరుని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే లోపల ఒకర్ని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. ఊగడం ఆగిపోతే హబ్ బేరింగ్ వదులు. బిగింపుతోనో కొత్త బేరింగుతోనో పోతుంది. బ్రేకు తొక్కినా ఊగితే కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకి తిరిగే నిలువు కడ్డీ), బుష్‌లు అరిగాయి, కిట్ మార్చాలి. గ్రీజు పట్టించని బండికి ఇది తప్పదు. పెద్ద ఖర్చేం కాదు గానీ బేరానికి బాగా పనికొస్తుంది.

పొగ, ఆయిల్ తినడం

మీరు వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంటే ఆరోజు చూడకండి. చల్లని ఇంజన్ స్టార్ట్ చేయడం మీ కళ్లముందే జరగాలి. చిక్కటి ఆయిల్ పోసి పొగనీ, శబ్దాన్నీ దాచడం అలవాటైన పని.

నల్లపొగ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత టర్బో (ఇంజన్‌లోకి గాలి నెట్టే పరికరం) గొట్టాల లీకు, ఆ తర్వాతే ఇంజెక్టర్లు చూడాలి. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది: పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో, టర్బోనో. తేల్చడానికి అరగంట నడిపి వేడెక్కాక, ఐడిల్‌లో ఆయిల్ పోసే మూత తీసి రంధ్రం మీద బోర్లా పెట్టండి. మూత గట్టిగా ఎగిరి దొర్లిపోతుంటే రింగులు, లైనర్లు (పిస్టన్ ఆడే గొట్టాలు) అరిగినట్టు. బోర్‌కొచ్చిన ఇంజనే. మీ మెకానిక్ దగ్గర పిస్టన్, లైనర్ కిట్, బేరింగులు, హెడ్ పని, కూలీ అన్నీ కలిపి అంచనా రాయించి, ఆ మొత్తం ధరలో తగ్గించమనండి. మూత కదలకుండా ఉండి పొగ మాత్రం వస్తుంటే టర్బో గొట్టం విప్పి చూడండి. షాఫ్ట్ అటూ ఇటూ కొంచెం ఆడొచ్చు, ముందుకీ వెనక్కీ ఆడితే టర్బో పోయినట్టే.

రేడియేటర్‌లో బుడగలు

చల్లగా ఉన్నప్పుడే మూత తీసి స్టార్ట్ చేయండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోవడమో, హెడ్ చీలడమో, లైనర్‌కి సన్న రంధ్రం పడడమో జరిగింది. కూలెంట్ మానేసి ఏళ్లతరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో ఈ లైనర్ రంధ్రాలు, రేడియేటర్‌లో ఉప్పుపేరుకోవడం మామూలు. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే కడ్డీ) మీద ఆయిల్ పాలటీలా ఉంటే ఆయిల్ కూలర్ కూడా విప్పాలి. ఒక్క గాస్కెట్ మార్చి ఊరుకుంటే మళ్లీ పోతుంది. హెడ్‌కి ప్రెషర్ టెస్ట్, ఫేసింగ్ (ముఖం చదును చేయడం) చేయించాలి.

బీఎస్-6 బండిలో డీఈఎఫ్ ట్యాంకు ఖాళీ, అయినా లైటు లేదు

2020 ఏప్రిల్ తర్వాత రిజిస్టరైన (బీఎస్-6 కాలుష్య నియమాల) బండిలో ఇలా ఉంటే డీఈఎఫ్ (పొగలో విషవాయువులు తగ్గించే యూరియా ద్రవం) సిస్టమ్‌ని బైపాస్ చేశారని అర్థం. తాళం తిప్పగానే హెచ్చరిక లైట్లన్నీ ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోయినా అదే అనుమానం. స్కానర్ పెట్టించందే కొనకండి. పంపు, సెన్సర్లు తిరిగి పెట్టించడం ఖరీదైన పని.

కాగితాలు

ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే అప్పు తీరిందన్న మాట నమ్మొద్దు. ఫైనాన్స్ కంపెనీ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), సంతకం చేసిన ఫామ్ 35 (ఆర్‌సీలోంచి అప్పు తీసేయించే ఫారం) చేతిలోకి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. పేరు మార్పుకి ఫామ్ 29, 30 కావాలి. తెలంగాణ బండిని ఆంధ్రాకో, అటునుంచి ఇటో తెచ్చుకుంటే ఫామ్ 28 ఎన్‌వోసీ కూడా. క్వార్టర్లీ ట్యాక్స్ బకాయి, ఈ-చలాన్‌లు అమ్మేవాడి చేతే కట్టించండి. తెలంగాణ చలాన్‌లకి ఆ రాష్ట్ర పోలీసు సైట్ విడిగా చూడాలి.

నేషనల్ పర్మిట్ (దేశమంతా సరుకు తోలే అనుమతి) మామూలు ఆరు టైర్ల బండికి 12 ఏళ్ల వరకే, పది టైర్ల బండి లాంటి మల్టీ యాక్సిల్‌కి 15 ఏళ్ల వరకే. పదకొండేళ్ల ఆరు టైర్ల బండి చవగ్గా దొరికితే కారణం ఇదే కావచ్చు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలని కూడా లెక్కలో వేసుకోండి.

ఇన్సూరెన్స్ మీ పేరు మీదకి మార్చమని బండి బదిలీ అయిన 14 రోజుల్లోపు కంపెనీకి రాయాలి. లేకపోతే సొంత బండి నష్టం క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు. పాత ఓనర్ ఫాస్టాగ్‌ని అతని చేతే మూయించండి. అది ఉండగా అదే బండికి మీ పేరున ఇంకోటి ఇవ్వరు.