పళ్ల క్లిప్పులు, పాచి – 4వ పాఠం: చిగురు వైపు అంచు

పోయిన పాఠంలో, క్లిప్పులు పెట్టించుకున్న పిల్లల చేత పాచికి రంగు పట్టించే బిళ్ల నమిలించి పాచి ఎక్కడ మిగిలిందో చూడమన్నాను. చూసి చాలామంది టెన్షన్ పడ్డారు. నాలుక, పెదవులు, బ్రాకెట్ల (వైరును పట్టుకోడానికి పంటికి అతికించే చిన్న ముక్కల) చుట్టూ ఉండే రబ్బరు రింగులు ఎలాగూ రంగు పట్టేస్తాయి, వాటిని వదిలేయండి. పంటి మీద ఉన్నదే లెక్క. రెండు రంగులు చూపే బిళ్ల వాడితే నీలం ఎక్కడుందో చూడండి. అది పాత పాచి.

అసలు తంటా వేరే చోట వచ్చింది. బ్రాకెట్‌కు "చిగురు వైపు" తోమమని రాస్తే చాలామంది "పైవైపు" అని చదువుకున్నారు. పైపళ్లకు చిగురు పైన ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కింది పళ్లకు చిగురు కింద కదా ఉండేది! అక్కడ కూడా పైవైపే తోమితే, కొరికే అంచు దగ్గర రెండుసార్లు తోమినట్టు, పాచి ఉన్న చోట ఒక్కసారీ తోమనట్టు. ఇంకోసారి చెప్తున్నాను: పైపళ్లకు బ్రాకెట్ పైన, కిందిపళ్లకు బ్రాకెట్ కింద. అద్దంలో వేలు పెట్టి చూపించమని పిల్లల్నే అడగండి.

బ్రాకెట్‌కూ చిగురుకూ మధ్య ఉండే ఆ సన్నటి పట్టీ మీద ఎందుకింత పట్టుదల అంటే, బ్రష్ అడ్డంగా లాగితే కుచ్చు వైరు మీద ఎక్కి ఆగిపోతుంది. నాలుక అక్కడికి చేరదు. క్లిప్పులు పెట్టాక స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా నోట్లో పెరుగుతాయి. చక్కెర దొరికితే ఆమ్లం తయారుచేస్తాయి. పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని, అంటే పంటి పై గట్టి పొరలోని, ఖనిజాలు కరుగుతాయి. పాచి కదలకుండా ఉండిపోతే దాదాపు 4 వారాల్లోనే సుద్దలాంటి తెల్లమచ్చ కనిపించవచ్చు. అంచున పాచి మందమైతే లోపల ఆక్సిజన్ తగ్గి, గాలి అక్కర్లేని బ్యాక్టీరియా బలపడతాయి. చిగురు వాస్తుంది. వాచిన చిగురు బ్రాకెట్ వైపు జరిగి ఆ పట్టీని ఇంకా సన్నం చేస్తుంది. క్లిప్పులు తీసేశాక బ్యాక్టీరియా తగ్గుతాయి కానీ తెల్లమచ్చ చాలాసార్లు ఉండిపోతుంది.

మౌత్‌వాష్ పుక్కిలిస్తే చాలదా అంటే, చాలదు. అతుక్కున్న పొరలోకి అది సరిగా దిగదు. క్లోర్‌హెక్సిడిన్ అయితే పళ్లకు గోధుమరంగు మరకలు కూడా పడతాయి, డాక్టర్ చెబితేనే వాడండి.

నేనైతే ఒకే కుచ్చు ఉన్న చిన్న బ్రష్‌తో, ముందు పేస్ట్ లేకుండా తోమిస్తాను. నురగ ఉంటే ఏమీ కనబడదు. కుచ్చును చిగురు వైపు వంచి, పన్ను పన్నుకీ ఆగి తిప్పాలి. తర్వాతే ఫ్లోరైడ్ పేస్ట్. వైరు కిందికి సందుల బ్రష్ (పళ్ల సందుల్లో దూరే సన్నటి బ్రష్) దూర్చడం మీకు తెలిసే ఉంటుంది. పళ్లకు తీసి పెట్టుకునే ప్లేట్ల సంగతి వచ్చే పాఠంలో. అప్పటిదాకా వాటిని వేడినీళ్లలో వేయకండి, వంకరపోతాయి.

అభ్యాసం: రాత్రి తోమాక రంగు బిళ్ల నమిలించి, కింది ముందు 6 పళ్ల బొమ్మ గీయండి. ప్రతి పంటినీ చిగురు వైపు, కొరికే వైపు, ఎడమ పక్క, కుడి పక్క అని 4 భాగాలు చేసి, రంగు ఉన్నవాటికి అడ్డగీత పెట్టండి. రాసేదాకా మళ్లీ తోమనివ్వకండి. వారం తర్వాత ఇంకో బొమ్మ గీయండి. చిగురు వైపు గీతలు సగానికి తగ్గకపోతే 5వ పాఠానికి వెళ్లకండి.