ఎడారి పరుగులో తాగే నీళ్లు వేడెక్కకుండా

ఎండలో పరుగెత్తేటప్పుడు సీసాలో నీళ్లు కాసేపటికే వేడెక్కి, ఎంత దాహంగా ఉన్నా గొంతు దిగవు. అల్జీరియాలో తిందూఫ్ దగ్గర సహ్రావీల (పశ్చిమ సహారా ప్రజల) శరణార్థి శిబిరాల మధ్య జరిగే సహారా మారథాన్ లాంటి మారుమూల పరుగుల్లో ఐసు మీద ఆశ పెట్టుకోకూడదు.

అర లీటరు మామూలు ప్లాస్టిక్ సీసాకి మందపాటి నూలు సాక్సు తొడగండి. బాగా తడిపి, కారకుండా పిండి, బెల్టుకి బయటివైపు గాలి తగిలేలా కట్టుకోండి. బ్యాగులో పెడితే లాభం లేదు, గాలే అసలు పని చేసేది. సాక్సు ఆరుతున్నకొద్దీ కుండలో లాగే నీళ్లు చల్లబడతాయి. పావుగంటకోసారి తడిమి చూడండి. ఆరిపోతే నాలుగైదు మూతల నీళ్లు పోస్తే సరి. ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు మాత్రం పోయొద్దు, సాక్సు జిగటగా మారి ఇసుకంతా అంటుకుంటుంది.

ఇది పొడిగాలిలోనే పనికొస్తుంది. విశాఖ, చెన్నై లాంటి తీరాల్లో ఉక్కపోతకి గుడ్డ ఆరదు, నీళ్లు చల్లబడవు. ఎడారిలోనైనా తర్వాతి నీళ్ల పాయింటు దూరంగా ఉండి, సీసాలో కొంచెమే మిగిలితే సాక్సు సంగతి వదిలేసి ఆ నీళ్లు తాగేయండి.