కరివేపాకుని కాస్త తిననివ్వండి

రెండేళ్ల క్రితం వరకూ మా పెరట్లో కరివేపాకు చెట్టుకి నేను మందు కొట్టేదాన్ని. ఆకుల మీద పిట్ట రెట్టల్లాంటి పురుగులు కనిపించేవి, నాలుగు రోజులు తిరిగేసరికి రెమ్మలకి ఈనెలే మిగిలేవి, కోపం వచ్చి స్ప్రే చేసేసేదాన్ని. అవి సీతాకోకచిలుక పిల్లలని తెలిసినరోజు నిజంగా ఏడుపొచ్చింది.

పెరట్లోకి పిట్టలూ సీతాకోకచిలుకలూ రావాలని అందరూ పూల మొక్కలు కొంటారు. పువ్వులు కావాల్సిందే, కానీ ముందు ఆకుల సంగతి చూడండి. నల్లటి రెక్కల మీద తెల్లమచ్చల వరస ఉండే కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుక కరివేపాకు, నిమ్మ, మారేడు లాంటి చెట్ల మీదే గుడ్లు పెడుతుంది. తల్లి ఏ పువ్వులోనైనా తేనె తాగుతుంది, పిల్లలకి మాత్రం ఆ ఆకులే కావాలి. జిల్లేడు ఉంటే నారింజరంగు ప్లెయిన్ టైగర్ వస్తుంది, తంగేడో రేలచెట్టో ఉంటే లేతపసుపువి వస్తాయి. చోటుంటే కరివేపాకు రెండు మొక్కలు వేయండి, ఒకటి పోపులోకి, ఇంకోటి వాటికి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో కుండీ అయినా చాలు.

ఆ కరివేపాకు పురుగుని ఒకసారి దగ్గరగా చూడండి. చిన్నప్పుడు అచ్చం రెట్టలా ఉంటుంది, పిట్టలు మోసపోవాలని. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. మెల్లగా వేలితో తాకితే తల వెనకనుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి వస్తాయి, ఘాటు వాసన కొడుతుంది. తర్వాత కొమ్మకి నడుము చుట్టూ సన్నటి దారం కట్టుకుని గూడుగా మారిపోతుంది. మా ఇంట్లో పన్నెండోరోజు పొద్దున్నే అది పగిలి, ముడతలుపడ్డ తడి రెక్కలతో సీతాకోకచిలుక బయటికొచ్చి, రెక్కలు ఆరేదాకా అక్కడే వేలాడింది. ఆ చెట్టు మళ్లీ నెలరోజుల్లో చిగురేసింది.

అందుకే మందు డబ్బా మానేయండి. చిక్కుడుకి పేనుబంక పడితే పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి కొన్నాళ్లు ఆగితే అక్షింతల పురుగులు వాటంతటవే వచ్చి తింటాయి. పిచ్చుకలూ తేనెపిట్టలూ పిల్లలకి పెట్టేది పురుగులే, మీరు పురుగుల్ని చంపితే ఆ గూటికి తిండి ఉండదు. తేనెపిట్ట కోసం మందారం, నూరువరహాలు వేయండి. గడ్డిచామంతిని కలుపని పీకొద్దు, చిన్న సీతాకోకచిలుకలన్నీ దానిమీదే వాలతాయి. వయ్యారిభామని మాత్రం పూతకి రాకముందే వేళ్లతో సహా పీకేయండి.

నీళ్లకి మట్టి మూకుడు చాలు, లోతు రెండంగుళాలు మించకూడదు, మధ్యలో ఒక రాయి పెడితే తేనెటీగలు మునిగిపోకుండా తాగుతాయి. పిల్లి ఎగరలేని చోట పెట్టండి. రెండురోజులకోసారి నీళ్లు పారబోసి కొబ్బరిపీచుతో అంచులు రుద్దాలి, దోమ గుడ్లు అంచులకి అంటుకుని ఉంటాయి, ఊరికే నీళ్లు మారిస్తే పోవు.

పెరడంతా టైల్స్ వేయించొద్దు, దయచేసి. చిన్నప్పుడు ఆరుద్ర కార్తెలో తొలివానకి ఎర్రటి మఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు పాకేవి కదా, వాటికి మట్టి కావాలి. రాలిన ఆకులు తగలబెట్టకుండా గుమ్మానికి దూరంగా ఉన్న చెట్టు మొదట్లో పోస్తే కప్పలకీ తొండలకీ అదే ఇల్లు.

పాముల టెన్షన్ అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. ఆకుల కుప్ప, ఇటుకలు, కట్టెలు గుమ్మానికి దూరంగా చివరి గోడ వైపే ఉంచండి, రాత్రి టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లొద్దు. జెర్రిపోతు ఎలుకల్ని తింటుంది, విషం ఉండదు. అయినా ఏ పామో తెలియనప్పుడు దూరంగా నిలబడి పాములు పట్టేవాళ్లని పిలవండి, కర్ర తీయొద్దు. మొక్కల చుట్టూ నైలాన్ వల కట్టినా పాములూ పిట్టలూ చిక్కుకుని చనిపోతాయి.

పిచ్చుకలకి వసారాలో వరికుచ్చు వేలాడదీయండి, గోదావరి జిల్లాల ఇళ్లలో ఇది పాత అలవాటే. పెట్టె కడితే రంధ్రం అంగుళన్నర దాటనీయకండి, దాటితే గోరింకలు ఆక్రమిస్తాయి. ఎండ నేరుగా పడని చూరుకింద, మనిషి చేయి అందని ఎత్తులో, ఫ్యాను లేని వైపు బిగించండి. మొదటి ఏడాది ఎవరూ రాలేదని పీకేయొద్దు. మా పెట్టెలోకి మొదటి గడ్డిపోచ చేరడానికి పద్నాలుగు నెలలు పట్టింది.