స్లైడ్లు వేరే కంప్యూటర్‌లో చూపించాలా? రెండు ఫైళ్లు పట్టుకెళ్లండి

మన ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉన్న స్లైడ్లు, హాల్లోని కంప్యూటర్‌లో తెరిచేసరికి తెలుగంతా డబ్బాలు డబ్బాలుగా వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎదురుగా జనం, తెర మీద శీర్షికే లేదు! ఆ కంప్యూటర్‌ది తప్పేం కాదు, నేను వాడిన ఫాంట్ అందులో లేదు, అంతే.

అప్పటి నుంచి పీపీటీఎక్స్‌తో (అంటే పవర్‌పాయింట్ ఫైలుతో) పాటు పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటున్నా. పీడీఎఫ్‌గా సేవ్ చేస్తే ఫాంట్లు మామూలుగా ఫైల్లోనే ఉండిపోతాయి, అక్షరాలు చెదరవు. పవర్‌పాయింట్ లేకపోయినా క్రోమ్‌లో తెరుచుకుంటుంది. అడోబ్ రీడర్‌లో అయితే కంట్రోల్, ఎల్ కలిపి నొక్కితే తెర నిండా వస్తుంది. యానిమేషన్లు మాత్రం పోతాయి. ఒకదాని తర్వాత ఒకటి రావాల్సిన బొమ్మలన్నీ ఒకే పేజీలో గుట్టగా పడతాయి, కాబట్టి వాటిని ముందే వేరు వేరు స్లైడ్లుగా విడగొట్టండి.

యానిమేషన్ తప్పదంటే పీపీటీఎక్స్‌నే వాడండి. కాకపోతే విండోస్ పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి వెళ్లి ‘ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్’ దగ్గర టిక్ పెట్టి సేవ్ చేయండి. ఫైలు సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి. ఇలా ఫాంట్‌ని ఫైల్లో కలపడానికి కొన్ని ఫాంట్ల లైసెన్సు ఒప్పుకోదు. నోటో సాన్స్ తెలుగు లాంటి ఉచిత ఫాంట్లతో ఆ లైసెన్సు పేచీ లేదు.